గీత కొట్టిన ధర.. గీసి ఆడే బేరం

లాడ్‌బజార్‌లో గాజుల సెట్టు ఎనిమిదొందలు చెబితే మూడొందలకు అడుగుతాం. అదే ఏసీ షాపులో రూ.1,999 అని రాసి, దానిమీద అడ్డగీత కొట్టి, కింద ఎర్ర అక్షరాలతో రూ.999 అని పెడితే కిమ్మనకుండా బుట్టలో వేసుకుంటాం. రెండుచోట్లా కొనేది మనమే, డబ్బూ మనదే. మరి బజార్లో అంత గడుసుగా ఉండే మనిషి డిస్కౌంట్ బోర్డు చూడగానే ఎందుకు మెత్తబడిపోతారు? పాతబస్తీ బేరంలోని కిటుకులు పెద్ద దుకాణంలోనూ పనికొస్తాయా?

చార్మినార్ నుంచి పడమటికి నడిస్తే లాడ్‌బజార్. గాజుల తళుకుల మధ్య నుంచి జనాన్ని తప్పించుకుంటూ ముందుకెళితే మహబూబ్ చౌక్. అక్కడ 1892లో నాటి ప్రధాని ఆస్మాన్ జా కట్టించిన గడియారం స్తంభం కనిపిస్తుంది. అదీ దాటితే హుస్సేనీ ఆలం. మొహర్రంలో నిలిపే ఆలం పేరే ఈ పేటకు పేరైంది. గోల్కొండ నుంచి కార్వాన్, పురానాపూల్ మీదుగా చార్మినార్‌కు వచ్చే పాతదారి ఈ వైపే. అంటే వందల ఏళ్లుగా సరుకూ, బేరమూ నడిచిన నేల అన్నమాట.

ఈ పేటలో ఉండేవాళ్లకు షాపింగ్ అంటే ఎక్కడికో వెళ్లడం కాదు. గాజులకు లాడ్‌బజార్. ముత్యాలకు పత్తర్‌గట్టి. బట్టల తానులకు పటేల్ మార్కెట్, మదీనా. పురానాపూల్ దాటితే స్టీలు సామానుకూ, డ్రైఫ్రూట్స్‌కూ బేగంబజార్. గురువారం వస్తే పాత సామాను దొరికే జుమేరాత్ బజార్. ఇవన్నీ పోను, ఆటో ఎక్కితే కాసేపట్లో చేరుకునే డిస్కౌంట్ స్టోర్లు సరేసరి. ఒక్క ఇల్లాలు ఒకే వారంలో తోపుడుబండి దగ్గరా, హోల్‌సేల్ కొట్లోనూ, బార్‌కోడ్ దుకాణంలోనూ కొనాల్సిన పరిస్థితి. ఆ ఇంట్లో పెళ్లి కూడా కుదిరిందనుకోండి.. ప్రతి బేరమూ లెక్కే. అప్పు ఎంత తేవాలన్నది కూడా ఆ బేరాల మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి మాటే మాయ

లాడ్‌బజార్‌లో ఈ వరస ఏ రోజు చూసినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

'ఎంత భాయ్?'

'ఆఠ్ సౌ అమ్మా. మీకని ఏడొందలు.'

'మూడొందలకిస్తావా?'

'అరే అమ్మా, అసలు కూడా రాదు!'

'అయితే నక్కో' అంటూ ఆమె నాలుగడుగులు వేస్తుంది. అయిదో అడుగు పడేలోపు వెనక నుంచి పిలుపు: 'ఆవో అమ్మా, ఆఖరి మాట చెప్పండి!'

చూసేవాళ్లకు ఇదంతా కాలక్షేపంలా ఉంటుంది. నిజానికి ఇందులో పెద్ద మనస్తత్వశాస్త్రమే ఉంది. ఒక అంకె చెవిన పడితే ఆ తర్వాత మన అంచనాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఎనిమిదొందలు అని విన్నాక అయిదొందలు చవగ్గా అనిపిస్తుంది. ఏమీ వినకముందు అయితే ఆ గాజులకు మనం రెండొందలే అనుకునేవాళ్లమేమో!

ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు పరిశోధకులు 1974లో ఈ సంగతిని ఓ చిత్రమైన ప్రయోగంతో చూపించారు. సున్నా నుంచి వంద దాకా అంకెలున్న చక్రాన్ని తిప్పారు. అది 10 దగ్గరో, 65 దగ్గరో మాత్రమే ఆగేలా ముందే ఏర్పాటు చేశారు. తర్వాత 'ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం?' అని అడిగారు. చక్రానికీ, ఆ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. అయినా 10 చూసినవారి జవాబులు 25 దగ్గర తిరిగితే, 65 చూసినవారివి 45 దగ్గర తిరిగాయి. ఈ రకం పరిశోధనలకే 2002లో కానెమన్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఏసీ షాపులోకి వద్దాం. అడ్డగీత కొట్టిన రూ.1,999 ఏమిటి? అది గాజుల భాయ్ చెప్పిన 'ఆఠ్ సౌ' లాంటిదే! తేడా ఒక్కటే. భాయ్ మాట నోటిమాట కాబట్టి మనం నమ్మం. షాపులో ధర అచ్చులో ఉంటుంది కాబట్టి నమ్మేస్తాం. ఆ గీత కింద ఉన్న ధరకు ఆ చీర ఎప్పుడైనా, ఎవరికైనా నిజంగా అమ్ముడైందా అని అడగం. అడగడానికి ఎదురుగా మనిషీ ఉండడు.

అందుకే పాతబస్తీ బేరంలో మొదటి సూత్రం పెద్ద దుకాణంలో కూడా మొదటి సూత్రమే. ధర వినకముందే, చీటీ తిప్పి చూడకముందే 'దీనికి నేనెంత పెడతాను?' అని మనసులో ఓ అంకె అనేసుకోవాలి. ఆ తర్వాతే చీటీ చూడాలి. మనం అనుకున్నదానికన్నా తక్కువ ఉంటే అది చవక. లేదంటే ఎంత శాతం తగ్గించినా చవక కాదు.

వెళ్లిపోవడమూ ఓ విద్యే

'నక్కో' అని కదలడంలో బెట్టు ఒక్కటే లేదు. అమ్మేవాడి అసలు ధర ఎంతో తెలుసుకునే మార్గం కూడా అదే. వెనక్కి పిలిచాడంటే మనం చెప్పిన ధరలో అతనికి ఇంకా మిగులుతోందని అర్థం. పిలవలేదంటే గిట్టదని అర్థం. అప్పుడు పక్క కొట్లో అదే సరుకును కాస్త ఎక్కువకు అడగొచ్చు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మార్కెట్ ధర తెలిసిపోయింది కదా!

పెద్ద షాపులో ఎవరూ వెనక్కి పిలవరు. కానీ ఆన్‌లైన్‌లో పిలుస్తారు. సరుకును కార్టులో వేసి కొనకుండా వదిలేస్తే, ఒకట్రెండు రోజుల్లో 'మీ కోసం ప్రత్యేక కూపన్' అని సందేశం పంపే యాప్‌లు ఉన్నాయి. అయిదో అడుగులో వినిపించిన 'ఆవో అమ్మా'కు ఇది కొత్త రూపం!

చేతికి తెలిసిన చదువు

బజార్లో ధర రాసి ఉండదు కాబట్టి కొనేవాళ్లు సరుకును చదవడం నేర్చుకుంటారు. పాతబస్తీ ఆడవాళ్లు తరతరాలుగా నేర్చిన చదువది.

గాజులనే తీసుకోండి. సైజు 'రెండు నాలుగు', 'రెండు ఆరు' అంటారు. చాలామంది దాన్ని 2.4 అనుకుంటారు. కాదు. అంగుళంలో పదహారో వంతుల లెక్క అది. రెండు నాలుగు అంటే రెండుంపావు అంగుళాలు. ఈ లెక్క తెలిస్తే చుట్టాలమ్మాయికి గాజులు తెచ్చి, సరిపోక బీరువాలో పడేసే బాధ ఉండదు. లక్కకు వేడి తగిలితే మెత్తబడే గుణం ఉంది. తయారుచేసే కార్మికుడి దగ్గరే కొంటే కాస్త బిగుతైన జతను అక్కడికక్కడే వేడిచేసి సరిచేయించుకోవచ్చు. ప్లాస్టిక్ గాజుకు ఆ సదుపాయం లేదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుతో మరో రకం సరుకు అంటగట్టేవాళ్లు ఉంటారు కాబట్టి, ఏది లక్కో అడిగి తెలుసుకుని కొనడం మంచిది.

పత్తర్‌గట్టిలో ముత్యాలు కొనేవాళ్లు రెండు ముత్యాల్ని ఒకదానికొకటి మెల్లగా రాసి చూస్తారు. అసలువైతే సన్నని ఇసుక తగిలినట్టు గరుగ్గా ఉంటాయి. గాజుపూసలు, ప్లాస్టిక్ పూసలైతే నున్నగా జారిపోతాయి. దండలో ప్రతి పూసా అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉంటే కూడా అనుమానించాల్సిందే.

పట్టు సంగతి దారం చెబుతుంది. అంచు నుంచి ఒక్క పోగు లాగి అంటిస్తే అసలు పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్లమధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి, గట్టిగా ఉండ కడుతుంది. నూలుది కాగితం కాలిన వాసన. పెద్ద షాపులో అగ్గిపుల్ల గీయలేం కాబట్టి, కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలైన సిల్క్ మార్క్ చీటీ ఉందేమో చూసుకోవాలి.

కట్‌పీసులు కొనేటప్పుడు పొడవొక్కటే చూస్తే మోసపోతాం. పన్నా ఎంతో అడగాలి. పన్నా తక్కువైతే రెండున్నర మీటర్లు చాలే చోట మూడు కావాలి. అప్పుడు మీటరుకు ఇరవై తగ్గించినా లాభం ఉండదు.

ఇదంతా పెద్ద షాపులో ఎందుకంటారా? అక్కడా సరుకు అదే కాబట్టి. చీటీ మీద శాతం చూసే కళ్లు కుట్టు, పన్నా, పోగు చూడటం మానేస్తాయి. డిస్కౌంట్‌లో జరిగే అసలు నష్టం అక్కడే!

అయిదు సెంట్ల కొట్టు నుంచి..

పండగ రోజుల్లో చార్మినార్ చుట్టూ 'హర్ ఏక్ మాల్..' అన్న కేకలు వినిపిస్తుంటాయి. ఏది తీసుకున్నా ఒకటే ధర. ఈ పద్ధతితో ప్రపంచంలోనే పెద్ద వ్యాపారం కట్టినవాడు అమెరికాకు చెందిన ఫ్రాంక్ వూల్‌వర్త్. ఏది తీసుకున్నా అయిదు సెంట్లే అంటూ 1879లో యుటికా అనే ఊళ్లో కొట్టు తెరిస్తే నడవలేదు. అదే ఏడాది పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో మళ్లీ తెరిస్తే విజయం సాధించింది. ఒకటే ధర కాబట్టి బేరం లేదు. సరుకంతా బల్లల మీద పరచి ఉంటుంది కాబట్టి కావాల్సింది చేత్తో తీసి చూసుకోవచ్చు. ఇప్పటి 99 రూపాయల షాపులన్నీ ఆ కొట్టుకు మునిమనవలే.

మన దగ్గర ఈ కథ తిరగబడింది. పెద్ద దుకాణమే బజారును అనుకరించింది! కిశోర్ బియానీ 2001లో మొదలుపెట్టిన బిగ్‌బజార్ తొలి దుకాణాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే వచ్చింది. నున్నటి నేల, ఖాళీ నడవలు చూస్తే సామాన్యుడు 'ఇది మన షాపు కాదు' అని వెనక్కి తిరుగుతాడని, సరుకును కుప్పలుగా పోసి, ఇరుకు దారులు వదిలి, సంతలా కనిపించేలా దుకాణాలు పెట్టారు. 2006 జనవరి 26న 'సబ్‌సే సస్తా దిన్' పేరుతో తగ్గింపు పండగ మొదలుపెట్టారు. గణతంత్ర దినోత్సవానికి డిస్కౌంట్ అనే అలవాటు జనానికి అలా పట్టుకుంది. అప్పుల భారంతో 2022లో ఆ దుకాణాల కథ ముగిసింది గానీ, ఆ అలవాటు మాత్రం పోలేదు.

2002లో ముంబైలోని పోవైలో తొలి దుకాణం తెరిచిన రాధాకిషన్ దమానీది మరో దారి. డీమార్ట్ చాలావరకు అద్దె భవనాల్లో కాకుండా సొంత భవనాల్లో నడుస్తుంది. సరుకు ఇచ్చినవాళ్లకు త్వరగా డబ్బు చెల్లించి తక్కువ ధరకు కొంటుంది. పండగరోజు ఆర్భాటం కన్నా ఏడాది పొడవునా ఓ మోస్తరు తగ్గింపు మీదే ఆధారపడుతుంది. బేగంబజార్ హోల్‌సేల్ సేఠ్ పాటించేదీ ఇంచుమించు ఇదే సూత్రం. రొక్కం ఇచ్చి టోకున కొను, తక్కువ లాభానికి అమ్ము, సరుకు నిలవ ఉండనీయకు.

కాబట్టి చవక అన్నది రెండు రకాలు. ఒకటి, ఖర్చు తగ్గించుకున్నందువల్ల వచ్చే చవక. రెండోది, ధర పెంచి రాసి గీత కొట్టినందువల్ల కనిపించే చవక. మొదటిది రేపూ ఉంటుంది. రెండోదానికే 'ఈ రోజే ఆఖరు' అన్న బోర్డు కావాలి.

ఇంకో గుట్టు. పప్పు, పంచదార, నూనెల ధరలు ప్రతి ఇల్లాలికీ కంఠతా వచ్చు. అందుకే దుకాణాలు వాటినే బాగా తగ్గిస్తాయి. అక్కడ పోయింది ఎవరికీ అసలు ధర తెలియని ప్లాస్టిక్ డబ్బా, దుప్పటి, బొమ్మల మీద రాబట్టుకుంటాయి. పంచదార కోసం వెళ్లి పంచదారతోనే బయటికొస్తే మనం గెలిచినట్టు. బండి నిండా తెస్తే వాళ్లు గెలిచినట్టు!

శాతాలకు లొంగొద్దు

'50 శాతం + 20 శాతం' అని బోర్డు చూడగానే డెబ్భై శాతం అనుకుంటాం. కాదు. వెయ్యి రూపాయల చొక్కా సగం తగ్గితే అయిదొందలు. ఆ అయిదొందల్లో ఇరవై శాతం అంటే వంద. కట్టాల్సింది నాలుగొందలు. అంటే తగ్గింది అరవై శాతమే. 'మూడు కొంటే ఒకటి ఉచితం' అంటే నాలుగింటికి మూడింటి ధర, అంటే పాతిక శాతమే. అదీ నాలుగూ అవసరమైతేనే.

పెద్ద ప్యాకెట్టే చవక అన్నదీ ఒక నమ్మకమే. కొన్ని రకాల షాంపూల్లో మిల్లీలీటరు లెక్కన చూస్తే సీసా కన్నా సాచెట్టే తక్కువ పడుతుంది. ప్యాకెట్ సరుకుల మీద గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఇప్పుడు ఉంది. ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ఉన్న ఆఫర్ కన్నా ఈ చిన్న అక్షరాలే మనకు చుట్టాలు. ఎమ్మార్పీ అంటే గరిష్ఠ ధర మాత్రమే. తయారీదారే నిర్ణయించి వేసుకునేది. దానికన్నా తక్కువకు ఇవ్వడం దుకాణం చేసే దానమేం కాదు.

అన్నిటికన్నా పెద్ద లెక్క అప్పుది. పెళ్లి షాపింగ్‌లో పదివేల బట్టలు నలభై శాతం తగ్గింపులో ఆరువేలకు వచ్చాయనుకుందాం. నాలుగువేలు మిగిలాయని సంబరం. కానీ ఆ ఆరువేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే నెలకు 180 రూపాయలు. ఇరవై రెండు నెలలకు 3,960. రెండేళ్లు తిరక్కుండానే డిస్కౌంట్ మొత్తం వడ్డీ కింద పోయింది. అసలు అలాగే ఉంది! 'సున్నా వడ్డీ వాయిదాలు' కూడా అంతే. సున్నా వడ్డీ అనేదే ఉండదని, అది మరో రూపంలో వసూలవుతుందని 2013లోనే రిజర్వుబ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. రొక్కమిస్తే ఎంతకిస్తారో అడిగితే అసలు సంగతి తెలిసిపోతుంది.

అసలుకన్నా కొసరు ముద్దు

బేరంలో మనవాళ్లకు ప్రాణమైన మాట కొసరు. కిలో తూచాక గుప్పెడు వేయడం, డజను గాజులకు మరో జత కలపడం, కూరగాయలతో కరివేపాకు రెబ్బ ఇవ్వడం.. ఇవన్నీ కొసర్లే. అది బేరం ముగిశాక, ధర కుదిరాక ఇచ్చేది. అందుకే అందులో ఆప్యాయత ఉంటుంది. ఆ కొట్టుకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' చూడ్డానికి కొసరులాగే ఉంటుంది గానీ, దాని ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. ఒకటే చాలంటే సగం ధరకు ఇస్తారా అని అడిగి చూడండి!

పాతబస్తీలో అనుభవజ్ఞులు ధర మరీ తగ్గించమని పట్టుబట్టరు. ఓ స్థాయికి వచ్చాక 'సరే, ఈ ధరకే తీసుకుంటా, అది కూడా వెయ్యి' అంటారు. నోటు తగ్గించడం కన్నా సరుకు కలపడం అమ్మేవాడికీ తేలిక. బంగారం కొట్లో కూడా అంతే. ఆ రోజు బంగారం రేటు ఎవరడిగినా తగ్గదు. బేరానికి వీలున్నది తరుగు, మజూరీల్లో. మాట్లాడాల్సింది అక్కడ.

ఎప్పుడు కొనాలంటే..

తెలుగువారికి డిస్కౌంట్ అంటే ఆషాఢమే గుర్తొస్తుంది. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడలు పుట్టింటికి వెళుతుంది, కొట్లలో బేరాలు పడిపోతాయి. శ్రావణం సరుకు దింపాలంటే పాతది ఖాళీ కావాలి. అలా అవసరం కోసం పుట్టిన తగ్గింపు ఇప్పుడు పెద్ద పండగైంది. సేల్ కోసమే తెప్పించిన తక్కువ రకం సరుకూ అందులో కలుస్తుంది. అందుకే ఆషాఢంలో మంచి బేరం కావాలంటే, జ్యేష్ఠంలోనే షాపుకెళ్లి నచ్చిన చీర ధర చూసుకుని రావాలి. నెల తర్వాత అదే చీర, అదే ధర మీద తగ్గితే నిజమైన తగ్గింపు.

పాతబస్తీకి రంజాన్ మాసం అలాంటిది. రాత్రంతా బజారు తెరిచే ఉంటుంది. రద్దీ ఎక్కువ, బేరానికి ఓపిక తక్కువ. పండగ ముందు రాత్రి, చాంద్‌రాత్ ముగిసే వేళకు మిగిలిన సరుకును ఇంటికి మోసుకెళ్లడం ఇష్టంలేని చిరువ్యాపారి మెత్తబడతాడు. అయితే మంచి రకాలన్నీ అప్పటికే అమ్ముడై ఉంటాయి. మామూలు రోజుల్లోనైతే కొట్టు తెరిచిన వేళ మేలు. బోణీ బేరం వదులుకోవడానికి ఏ వ్యాపారీ ఇష్టపడడు. ఆ సెంటిమెంటును గౌరవిస్తూ, కొనే ఉద్దేశం ఉంటేనే పొద్దున్నే ధర అడగాలి.

గురువారం సంత

పురానాపూల్ దగ్గర గురువారాల్లో జరిగే జుమేరాత్ బజార్‌లో కొత్తదంటూ వెతక్కూడదు. పాత పనిముట్లు, ఇనప సామాను, కుర్చీలు, విడిభాగాలు.. ఒకరింట్లో పనికిరానిది ఇంకొకరికి జీవనాధారం. కొత్తగా పనిలో దిగిన మెకానిక్ కుర్రాడు పానాల సెట్టు కొనేది ఇలాంటి చోటే. మిషన్ తిప్పి చూడాలి, స్విచ్ వేయించి చూడాలి, తుప్పు పైపైనేనా లోపలికీ దిగిందా అని గోకి చూడాలి. ఇక్కడ తిరిగి ఇవ్వడాలు ఉండవు.

ఏ పాత సామాను బజార్లోనైనా సెల్‌ఫోన్ విషయంలో మాత్రం మరీ జాగ్రత్త. దొంగ సొత్తు అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద నేరం. ఫోనుకు ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబరును కేవైఎం అన్న మాట పక్కన ఇంగ్లిషులో టైప్ చేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోను వివరాలు తెలుస్తాయి. 2023 మే నుంచి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ చూసుకోవచ్చు. బేరం మొదలెట్టకముందే చేయాల్సిన పని ఇది.

బిల్లు ఉంటే బలం

* 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు చూసి భయపడక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమే. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. డిస్కౌంట్‌లో కొన్నా ఈ హక్కు పోదు.

* ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల దాకా విలువున్న కేసులకు ఫీజు లేదు.

* బంగారు నగ మీద బీఐఎస్ గుర్తుతో పాటు ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరి అయిన జిల్లాల్లో ఇది లేని కొత్త నగలు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు.

* తోపుడుబండి దగ్గర బిల్లు రాదు. అక్కడ పరీక్షంతా కొనేముందే. కరెంటు వస్తువులు, పిల్లల బొమ్మలు కొనాలంటే మాత్రం ఐఎస్ఐ గుర్తు, బిల్లు రెండూ ఉన్నచోటే కొనడం క్షేమం.

బేరం ఎక్కడ ఆపాలి?

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అంటారు. కొనేవాళ్ల కష్టం అందరికీ తెలుసు. అమ్మేవాళ్ల సంగతీ ఓసారి చూడాలి.

లక్క గాజు తయారయ్యేది బొగ్గుల కుంపటి ముందు. లక్కను కరిగించి, పిసికి, సన్నని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, అతుకు కనిపించకుండా కలపాలి. అది వేడిగా ఉండగానే రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటీ చేత్తో పొదగాలి. వేసవిలోనూ కుంపటి ముందే కూర్చోవాలి. పాతబస్తీ గల్లీల్లోని చిన్న గదుల్లో, ఇళ్లలో ఈ పని సాగుతుంది. చాలామందికి జీతం ఉండదు, చేసినదాన్ని బట్టే కూలీ. భౌగోళిక గుర్తింపు వాళ్ల గాజుకు పేరిచ్చింది గానీ, ఇంత ధర ఇవ్వాలని ఎవరికీ చెప్పదు. కొట్లో కొనే గాజు మీద బేరం గట్టిగా ఆడినా అందులో కొట్టువాడి లాభం, అద్దె ఉంటాయి. తయారుచేసేవాడి చేతి నుంచే కొంటున్నప్పుడు ఇంకో యాభై కోసం పట్టుబడితే అది నేరుగా అతని కూలీలోంచే పోతుంది.

ఇక్కడే మన అలవాటు తలకిందులుగా ఉంది. అచ్చు వేసిన ధర ముందు నోరు మెదపం. ఎండలో నిలబడ్డ మనిషి ముందు అయిదు రూపాయల కోసం అరగంట వాదిస్తాం. అసలు గడుసుదనం దీనికి ఎదురు దారిలో ఉంది. గీత కొట్టిన ధరను అనుమానించాలి, చేత్తో చేసినదానికి తగిన ధర ఇవ్వాలి, వడ్డీకి తెచ్చిన డబ్బుతో డిస్కౌంట్ వెంట పడకూడదు.

హుస్సేనీ ఆలం నుంచి బేగంబజార్ దాకా తిరిగే ఇల్లాలికి ఇవి ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు. ఆమె చేతికి బట్ట తెలుసు, చెవికి అబద్ధపు ధర తెలుసు, కాళ్లకు ఎప్పుడు కదలాలో తెలుసు. అదే చేతిని, చెవిని, కాళ్లను ఏసీ షాపు గుమ్మం దగ్గర వదిలేయకుండా లోపలికి తీసుకెళితే చాలు. ఏడాదికి మిగిలేది ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. కొన్ని ఇళ్లలో అది ఓ చీర. పెళ్లి కుదిరిన ఇంట్లో మాత్రం తేవాల్సిన అవసరం లేకుండా పోయిన ఓ అప్పు!